ఖాళీ ఫారం చెప్పే సంగతులు

2004లో నేను జావా నేర్చుకున్నది దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపోకి కాస్త ఎడంగా, ఒక సందులో, మూడో అంతస్తులో. కింద జిరాక్స్ షాపు, పైన హాస్టల్, మధ్యలో మా క్లాసు. పొద్దున ఏడింటి బ్యాచి. ముందు బెంచీ దొరకాలంటే ఆరున్నరకే మెట్ల దగ్గర చెప్పులు వదిలెయ్యాలి. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి డిగ్రీ పట్టాలతో వచ్చినవాళ్లమే ఎక్కువ. విజయవాడ రోడ్డు మీద వచ్చిన బస్సు ఎల్బీనగర్‌లో దింపితే, అక్కడ సిటీ బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగడమే మాకు హైదరాబాద్ రావడమంటే.

డేటాబేస్ పాఠం మొదలైన రోజు సార్ బోర్డు మీద ఒక లైను రాశారు. ‘క్లాస్ డాట్ ఫర్‌నేమ్’, ఆ పక్కన బ్రాకెట్, బ్రాకెట్లో కొటేషన్ల మధ్య ఒరాకిల్ డ్రైవర్ పూర్తి పేరు. వెనక బెంచీలోంచి ఒకతను లేచాడు. “సార్, ఈ లైన్ ఎందుకు సార్? వచ్చినదాన్ని దేంట్లనూ దాచుకుంటలేం గద?”

“డ్రైవర్ లోడ్ అయితది తమ్మీ. అట్లనే రాసుకో, ఇంటర్వ్యూల పక్కా అడుగుతరు.”

సార్ చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. డ్రైవర్ లోడ్ అవుతుంది, ఇంటర్వ్యూలో అడిగారు కూడా. కానీ ఆ పిల్లవాడి ప్రశ్న చాలా మంచి ప్రశ్న. నాలుగు నెలల కోర్సు మొత్తంలో అంత విచిత్రమైన లైను మరొకటి లేదు. కొటేషన్ల మధ్య ఉన్నది కంపైలర్‌కి ఉత్త అక్షరాలు. అక్కడ ‘మామిడిపండు’ అని రాసినా అది పల్లెత్తు మాటనదు. అలాంటి ఉత్త అక్షరాలు ప్రోగ్రాం నడిచే వేళకి ఒక క్లాసుగా ఎలా మారాయి? ఆ పేరుగల క్లాసు ఒకటుందని, అది ఫలానా చోట ఉందని ఎవరు ఎవరికి చెప్పారు?

ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్నకి జవాబే.

క్లాసు అంటే ఏమిటో చెప్పడానికి కోచింగ్ సెంటర్ అడ్మిషన్ ఫారం చాలు. ఖాళీ ఫారం క్లాసు. నింపిన ఫారం ఆబ్జెక్ట్. ఫారం మీది గళ్లు ఫీల్డులు. ఆ ఫారం పట్టుకుని చెయ్యగలిగిన పనులు, అంటే ఫీజు లెక్కగట్టడం, బ్యాచి మార్చడం లాంటివి మెథడ్లు. మామూలు ప్రోగ్రాం కౌంటర్లో ఏళ్ల తరబడి కూర్చున్న గుమాస్తా లాంటిది. మూడో గడిలో ఫోన్ నంబరు, ఐదో గడిలో ఊరు. ఫారం మీద ఏం అచ్చయిందో ఆయన చదవడు, చెయ్యే అక్కడికి పోతుంది. చాలా వేగంగా పని చేస్తాడు. కానీ వేరే ఫారం చేతికిస్తే ఆగిపోతాడు. రిఫ్లెక్షన్ వాడే ప్రోగ్రాం ఆ రోజే పనిలో చేరిన కుర్రాడు. ముందు ఖాళీ ఫారం తీసి గళ్ల మీది శీర్షికలు ఒక్కొక్కటే చదువుతాడు, ఏ గడిలో అంకెలుండాలి, ఏ గడిలో పేరుండాలి అని చూసుకుంటాడు, తర్వాత నింపిన ఫారం ముట్టుకుంటాడు. నిదానం. అయితే ఏ ఫారమిచ్చినా పని జరుగుతుంది.

ఆ శీర్షికలే మెటాడేటా, సమాచారాన్ని గురించిన సమాచారం. నడుస్తున్న ప్రోగ్రాం తన శీర్షికలను తానే చదువుకోగలగడమే రిఫ్లెక్షన్. అద్దంలో ముఖం చూసుకోవడంతో పోలుస్తుంటారు గానీ, ఆ పోలిక నాకు సగమే నచ్చుతుంది. అద్దం ఎదురుగా ఏముంటే అది చూపిస్తుంది. ఇక్కడ ఎవరో ముందుగా రాసిపెట్టింది మాత్రమే కనిపిస్తుంది.

సీ భాషలో అదే ఫారం రాస్తే ఈ తేడా తెలుస్తుంది. బీటెక్ మొదటి సంవత్సరంలో రాసే స్ట్రక్చర్‌లో పేరు, రోల్ నంబరు, మార్కులు అని గళ్లకు పేర్లు పెడతాం. కంపైల్ అయ్యాక ఆ పేర్లుండవు. ‘మొదటి బైటు నుంచి’, ‘ముప్పయ్యో బైటు నుంచి’ అన్న దూరాలు మాత్రం మిగులుతాయి. డీబగ్గింగ్ కోసం ప్రత్యేకంగా దాచమంటే తప్ప కంపైలర్ శీర్షికలన్నీ చెరిపేసి గళ్లు మాత్రమే ఇస్తుంది. అది పొదుపు కోసం చేసిన పని, 1970లలో మెమరీ ఖరీదైన యంత్రాల మీద అదే సరైన పని. జావా కంపైలర్ ఆ శీర్షికలను చెరపదు. క్లాసు ఫైలులోనే రాసి ఉంచుతుంది.

ఎక్కడ రాస్తుందో కళ్లారా చూడొచ్చు, అదీ తెలుగులో. జావాలో క్లాసులకీ ఫీల్డులకీ పేర్లు ఇంగ్లీషులోనే ఉండాలన్న నియమం మొదటినుంచీ లేదు, యూనికోడ్ అక్షరాలేవైనా పనికొస్తాయి. కాబట్టి ‘విద్యార్థి’ అని ఒక క్లాసు రాయండి. అందులో మూడు ఫీల్డులు: పేరు, ఇంటిపేరు, ఊరు. పాత జావాతో విండోస్ మీద చేస్తుంటే సోర్సు యూటీఎఫ్-8లో ఉందని కంపైలర్‌కి విడిగా చెప్పాలి. 2022 మార్చిలో వచ్చిన జావా 18 నుంచి ఆ అవసరం లేదు.

కంపైల్ చేశాక పుట్టిన క్లాసు ఫైలుని హెక్స్ ఎడిటర్‌లో తెరవండి. మొట్టమొదటి 4 బైట్లు సీఏ, ఎఫ్ఈ, బీఏ, బీఈ. ప్రపంచంలో ఏ జావా క్లాసు ఫైలైనా ఈ ‘కేఫ్‌బేబ్’ గుర్తుతోనే మొదలవుతుంది. తర్వాత ఏ వెర్షనో చెప్పే అంకె: జావా 8 అయితే 52, జావా 17 అయితే 61. ఆ వెనకే పేర్ల కొట్టు ఉంటుంది, దాన్ని కాన్‌స్టెంట్ పూల్ అంటారు. అందులో కాస్త కిందికి వెళ్తే ఒక చోట 01, 00, 0సీ కనిపిస్తాయి. 01 అంటే ‘ఇక్కడొక మాట ఉంది’ అని. 0సీ అంటే 12. ఆ మాట పొడవు 12 బైట్లు. ఆ పన్నెండూ ఇవి: ఈ0 బీ0 ఏఏ, ఈ0 బీ1 87, ఈ0 బీ0 బీ0, ఈ0 బీ1 81. మూడేసి బైట్లకు ఒక యూనికోడ్ గుర్తు. మొదటిది ప, రెండోది ఏత్వం, మూడోది ర, నాలుగోది కొమ్ము. అదే ‘పేరు’. తెలుగు గుర్తులన్నీ యూటీఎఫ్-8లో ఈ0తోనే మొదలవుతాయి కాబట్టి, ఇంగ్లీషు మాటల నడుమ తెలుగు మాట ఎక్కడుందో కళ్లు ఇట్టే పట్టుకుంటాయి. ఇంకొంచెం వెతికితే ‘ఇంటిపేరు’ 24 బైట్లలో, ‘ఊరు’ 9 బైట్లలో ఉంటాయి.

ఇప్పుడు ఇంకో చిన్న ప్రోగ్రాం రాసి, విద్యార్థి క్లాసుని దాని పేరుతో పిలిచి, నీ ఫీల్డులేవని అడగండి. పేరు, ఇంటిపేరు, ఊరు అని చెబుతుంది. మనం రాసిన వరసలోనే చెబుతుందని మాత్రం జావా మాట ఇవ్వలేదు. ఏ వరసలో చెప్పినా, ఆ జవాబు వచ్చింది ఇందాక మీరు చూసిన బైట్లలోంచే. దాన్ని చూసిన రోజు, నా నోట్సులోని ఆ పాత లైను నాకు మొదటిసారి అర్థమైంది. వర్చువల్ మెషీన్ కొటేషన్ల మధ్యనున్న పేరు పట్టుకుని ఆ పేరుగల ఫైలు వెతుకుతుంది, తెరుస్తుంది, చదివి మెమరీలో పెడుతుంది. డ్రైవర్ క్లాసులో లోడ్ అయిన వెంటనే నడిచే ఒక ముక్క ఉంటుంది. అది తనంతట తాను డ్రైవర్ల జాబితాలో పేరు నమోదు చేసుకుంటుంది. అందుకే మేం దేంట్లోనూ దాచుకోనక్కర్లేకపోయింది. 2006 డిసెంబర్లో వచ్చిన జావా 6 నుంచి ఆ లైను కూడా అక్కర్లేదు. డ్రైవర్ జార్ ఫైలులో ‘మెటా-ఇన్ఫ్’ అనే ఫోల్డరు, దాని లోపల ఒక చిన్న టెక్స్ట్ ఫైలు, అందులో డ్రైవర్ క్లాసు పేరు ఉంటాయి. జావా వెళ్లి చదువుకుంటుంది. రాత మారలేదు, రాసిన చోటు మారింది.

ఒక వ్యవస్థ తన గురించిన వర్ణనను తనలోనే పెట్టుకోవడం తెలుగువాళ్లకి కొత్తేం కాదు. నన్నయదని చెప్పే ఆంధ్రశబ్దచింతామణి తెలుగుకు వ్యాకరణమే, కానీ ఉన్నది సంస్కృతంలో. అంటే తెలుగు శీర్షికలు తెలుగు ఫారానికి బయట ఉన్నాయి. 13వ శతాబ్దంలో కేతన తెలుగు వ్యాకరణాన్ని తెలుగు పద్యాల్లో చెప్పాడు. 1858లో పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం తెలుగు సూత్రాల్లో వచ్చింది. తెలుగే తెలుగును గురించి మాట్లాడింది. అందులో మొదటి పరిచ్ఛేదమే సంజ్ఞా పరిచ్ఛేదం. సంధి సూత్రాలు చెప్పేముందు మాటలకు, అక్షరాలకు శీర్షికలు పెట్టుకున్నాడు: ఇవి పరుషాలు, ఇవి సరళాలు, ఇవి ద్రుతప్రకృతికాలు, ఇవి కళలు. సరళాదేశం మాట అర్థంతో పని పెట్టుకోదు. ముందున్నది ద్రుతప్రకృతికమా, వెనకున్నది పరుషమా అని మాత్రం అడుగుతుంది. ఇంటర్లో సంధులు విడదీసిన ప్రతి ఒక్కరూ మెటాడేటా చదివి పని చేసినవాళ్లే.

కంప్యూటర్ల వైపు ఈ ఆలోచనను సిద్ధాంతంగా కట్టినవాడు బ్రయన్ కాంట్‌వెల్ స్మిత్, 1982లో ఎంఐటీలో సమర్పించిన పీహెచ్‌డీ గ్రంథంలో. 3-లిస్ప్ అనే భాషను అందుకోసమే తయారుచేశాడు. ఆయన షరతు ఒకటుంది, దాన్ని చాలా పుస్తకాలు వదిలేస్తాయి. వర్ణన ఉండటం చాలదు, వర్ణనకూ వస్తువుకూ ముడి ఉండాలి. వర్ణనను మారిస్తే వస్తువు నడక మారాలి, వస్తువు మారితే వర్ణన మారాలి. వ్యాకరణానికి ఆ ముడి లేదు. జనం మాట మారిపోయింది, సూత్రాలు ఉన్నచోటే ఉన్నాయి. గిడుగు రామమూర్తి పంతులు జీవితమంతా పోరాడింది ఆ ఎడం గురించే. 1987లో పాటీ మాస్ స్మిత్ ఆలోచనను ఆబ్జెక్టుల ప్రపంచంలోకి తెచ్చింది. ఈ గీటురాయి మీద స్మాల్‌టాక్ గట్టిగా నిలబడుతుంది. అక్కడ క్లాసు కూడా ఒక ఆబ్జెక్టే, నడుస్తుండగానే దానికి కొత్త మెథడ్ చేర్చొచ్చు. పైథాన్ కూడా అంతే. జావా పిసినారి. 1997 ఫిబ్రవరిలో 1.1తో రిఫ్లెక్షన్ లైబ్రరీ వచ్చింది గానీ, అది శీర్షికలు చదవనిస్తుంది, గళ్లు నింపనిస్తుంది, మెథడ్‌ని పేరుతో పిలవనిస్తుంది. ఫారం మీద కొత్త గడి గీయనివ్వదు.

ఆ పిసినారి రిఫ్లెక్షన్ మీదే ఇప్పటి జావా ఉద్యోగాలన్నీ నిలబడ్డాయంటే నమ్మాలి. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా రాసిన జేయూనిట్ పరీక్షల క్లాసుని తెరిచి, ‘టెస్ట్’ అన్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే మెథడ్లను వెతికి ఒక్కొక్కటే నడిపేది. హైబర్నేట్ ఫీల్డుల పేర్లు చదివి టేబుల్ కాలమ్‌లతో జత కలుపుతుంది. స్ప్రింగ్ ఒక ఆబ్జెక్టుకు ఏం కావాలో చూసి తెచ్చి చేతికిస్తుంది. ఇవేవీ మన క్లాసుని ముందెన్నడూ చూసి ఎరగవు. మనం ఎల్బీనగర్‌లో కూర్చుని ఈ పూట రాసిన క్లాసుని, ఇరవై ఏళ్ల కిందట ఎక్కడో రాసిన లైబ్రరీ తెరిచి, శీర్షికలు చదివి, ఏం చెయ్యాలో తెలుసుకుంటుంది. నాకు ఇప్పటికీ ఇది అబ్బురమే.

పేరు మీద ఆధారపడటంలో ఒక చిక్కుంది. ‘టెస్ట్’ స్పెల్లింగులో రెండు అక్షరాలు తారుమారైతే జేయూనిట్ ఆ మెథడ్‌ని చూడనే చూడదు. పరీక్షలన్నీ నెగ్గినట్టు చూపిస్తుంది. నడవని పరీక్ష ఓడదు కదా. పేరులో సందేశం దాచే బదులు విడిగా ఒక చీటీ అంటించాలన్న ఆలోచన అలా బలపడింది. 2002లో డాట్‌నెట్ అట్రిబ్యూట్లు అన్న పేరుతో తెచ్చింది, 2004లో జావా 5 అనొటేషన్లు అంది. 2006లో జేయూనిట్ 4 పేర్లు చూడటం మానేసి చీటీలు చదవడం మొదలుపెట్టింది.

అనొటేషన్ గురించి కొత్తవాళ్లకు ఉండే పెద్ద అపోహ, అది ఏదో చేస్తుందని. అది ఏమీ చెయ్యదు. చైతన్యపురి, కొత్తపేట సందుల్లో గేటుకు వేలాడే టులెట్ బోర్డు లాంటిది. బోర్డు ఇల్లు అద్దెకివ్వదు. బోర్డు చదివి తలుపు తట్టేవాడు రావాలి. ‘టూ బీహెచ్‌కే, ఫ్యామిలీస్ ఓన్లీ’ అన్న వివరాలు కూడా చదివేవాడి కోసమే. చదివేవాడు రాకపోతే ఎండకి వెలిసిపోతుంది, అంతే.

ఆ బోర్డు ఎంతకాలం ఉండాలన్నది కూడా రాసినవాడే చెప్పాలి. జావాలో మూడు రకాలున్నాయి. మొదటిది మేస్త్రీ గోడ మీద సుద్దతో పెట్టుకున్న గుర్తు, ప్లాస్టరింగ్ కాగానే కనిపించదు. అంటే కంపైలర్ చూసి చెరిపేస్తుంది. రెండోది ఇంటి కాగితాల్లో రాసిన మాట, ఫైలులో ఉంటుంది గానీ వీధిలోంచి కనిపించదు. మూడోది గేటు బోర్డు, ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు కూడా చదవొచ్చు. ఏదీ చెప్పకపోతే జావా రెండోదిగా లెక్కేస్తుంది. ఈ సంగతి తెలియక నేనొక రాత్రి పోగొట్టుకున్నాను. ఎల్బీనగర్‌లో స్కూళ్లకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న ఆఫీసులో పని. ఏ గళ్లు ఖాళీగా వదలకూడదో గుర్తుపెట్టడానికి ఒక అనొటేషన్ తయారుచేశాను, దాన్ని చదివే కోడూ రాశాను. రెండూ సరిగ్గానే ఉన్నాయి. కానీ చదివే కోడుకు ప్రతి గడి దగ్గరా ‘చీటీ లేదు’ అనే జవాబే వచ్చింది. తండ్రి పేరు లేని రసీదులు అచ్చవుతూ పోయాయి. తెల్లవారుజామున మూడింటికి, ఎంతకాలముండాలో చెప్పే ఆ ఒక్క మాట చేర్చాక బోర్డులన్నీ కనిపించాయి. ఫీల్డు మీద చీటీ కళ్లెదుట ఉంది, ప్రోగ్రాంకి లేదు. ఆ తేడా అప్పటినుంచి మర్చిపోలేదు.

పేర్ల మీద నడిచే ప్రోగ్రాంలో తప్పు బయటపడే వేళ కూడా మారిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్ అన్న మాటనే చూడండి. దిల్‌సుక్‌నగర్ అంటారు, డీఎస్ఎన్ఆర్ అని పొట్టిగా రాస్తారు. ఎల్బీనగర్, ఎల్.బి.నగర్, లాల్ బహదూర్ నగర్ ఒకటేనని ఆటో అన్నకు తెలుసు. క్లాసు పేరును అలా ఒక్క అక్షరం అటూ ఇటూ రాస్తే జావా వర్చువల్ మెషీన్ ‘అలాంటి క్లాసు దొరకలేదు’ అని ఆగిపోతుంది. కంపైలర్ పొద్దున్నే పట్టుకోవలసిన తప్పు అర్ధరాత్రి సర్వర్ మీద బయటపడుతుంది. అందుకే కంపైలర్‌కి ముందే తెలిసిన పనిని రిఫ్లెక్షన్‌తో చెయ్యడం నాకు ఇష్టం ఉండదు. వేగం కూడా తగ్గుతుంది. ఒక మెథడ్‌ని మొదటి 15 సార్లు పిలిచేదాకా నిదానమైన దారిలో నడిపి, ఆ తర్వాత కూడా పిలుస్తుంటే దానికోసం ప్రత్యేకంగా కోడు పుట్టించే పద్ధతిని జావా చాలాకాలం వాడింది. జావా 18లో ఆ ఏర్పాటును తిరగరాశారు.

ఇంకా పెద్ద ఇబ్బంది తాళాలది. క్లాసులో ప్రైవేట్ అని రాసిన గడిని బయటివాళ్లు ముట్టుకోకూడదు. కానీ రిఫ్లెక్షన్‌తో ఒక్క మాట చెబితే ఆ తాళం తెరుచుకునేది, హాస్టల్ యజమాని దగ్గర అన్ని గదులకూ మారు తాళంచెవులున్నట్టు. హైబర్నేట్ లాంటివి మంచి పనికే వాడుకున్నాయి. కానీ 2015 జనవరిలో క్రిస్ ఫ్రోహాఫ్, గాబ్రియెల్ లారెన్స్ ఒక భయంకరమైన దారి చూపించారు. కామన్స్ కలెక్షన్స్ అనే లైబ్రరీలో, మెథడ్ పేరు అక్షరాలుగా ఇస్తే దాన్ని పిలిచిపెట్టే చిన్న క్లాసు ఒకటుంది. దాన్ని ఇముడ్చుకున్న ఆబ్జెక్టును సర్వర్‌కి పంపి, సర్వర్ చేత తమకు కావలసిన కమాండును నడిపించవచ్చని నిరూపించారు. పేరు చెబితే చాలు పని జరుగుతుందన్న సౌకర్యం, పేరు బయటివాడు చెప్పినప్పుడు కూడా పనిచేస్తుంది. 2017 సెప్టెంబర్లో జావా 9 మాడ్యూళ్లు తెచ్చి తాళాలు బిగించడం మొదలుపెట్టింది. 2021లో వచ్చిన జావా 17 నాటికి జావా సొంత గదులకు మారు తాళంచెవి దాదాపు పనికిరాకుండా పోయింది. లోపలివాళ్లే ‘రా’ అని తలుపు తియ్యాలి.

ఇప్పుడా రోడ్డు మీద మెట్రో ఉంది. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా తెరిచాక, ఆ సిటీ బస్సు ప్రయాణం చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్ అన్న మూడు స్టేషన్ల లెక్కకు తగ్గింది. కోచింగ్ బోర్డుల మీద జావా పక్కన పైథాన్ చేరింది. సీ++ కూడా 2025 జూన్‌లో, సోఫియాలో జరిగిన కమిటీ సమావేశంలో, కంపైల్ వేళకు పరిమితమైన రిఫ్లెక్షన్‌ని తన తర్వాతి ప్రమాణంలోకి తీసుకుంది.

విద్యార్థి క్లాసు ఇంకా మీ దగ్గరే ఉంటే చివరగా ఒక పని చెయ్యండి. ‘గ్రేడు’ అని ఒక మెథడ్ చేర్చి, దానికి ‘మార్కులు’ అనే విలువ అందేటట్టు రాయండి. మళ్లీ కంపైల్ చేసి, నీ మెథడ్లేవని అడగండి. గ్రేడు అంటుంది. ఆ గ్రేడుకు అందే విలువ పేరేమిటని అడగండి. ‘ఆర్గ్0’ అంటుంది. మార్కులు అన్న మాట సోర్సులో మీ కళ్లెదురుగానే ఉంది. ఫీల్డుల పేర్లు, మెథడ్ల పేర్లు గుర్తుపెట్టుకున్న కంపైలర్, మెథడ్‌కి అందే విలువల పేర్లు మాత్రం మామూలుగా రాసిపెట్టదు. 2014లో వచ్చిన జావా 8 నుంచి, కంపైల్ చేసేటప్పుడు ‘పారామీటర్స్’ అనే స్విచ్ ఇస్తేనే రాస్తుంది. 2023 నవంబర్లో స్ప్రింగ్ 6.1 ఆ పేర్లను వేరే అడ్డదారిలో ఊహించడం మానేసినప్పుడు, అంతవరకూ చక్కగా నడిచిన ప్రోగ్రాములు ఈ ఒక్క స్విచ్ లేక ఆగిపోయాయి. స్విచ్ ఇచ్చి మళ్లీ కంపైల్ చెయ్యండి. క్లాసు ఫైలు కొన్ని పదుల బైట్లు పెరుగుతుంది. హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే ఈ0తో మొదలయ్యే కొత్త వరస ఒకటి కనిపిస్తుంది, మూడేసి బైట్ల చొప్పున ఎనిమిది గుర్తులు, మొత్తం 24. అదే ప్రశ్న మళ్లీ అడగండి. ఈసారి మార్కులు అంటుంది.